చిట్టాలోంచి పోయిన పని

మూత 71వ రోజు

ఈ పొద్దు నా పలక మీద పదమూడు పనులే ఉన్నాయి. నిన్నటిదాకా పద్నాలుగు. ఇంకొకరైతే పీడ వదిలిందని సంతోషపడి ఊరుకునేవాళ్ళు. నాకు ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే ముందు వాళ్ళ మొహం చూస్తాను, తర్వాతే చేయి చాపుతాను. మా ఆయన నా అనుమానం గురించి ఊరంతా చెప్పి నవ్విస్తాడు. నవ్వనీ.

ఇది బియ్యం సంచి లోపలి కాగితం మీద రాస్తున్నాను, గని పై తలుపు మూసిన రోజు నుంచి, అంటే మూత నుంచి, లెక్కపెట్టుకుంటూ. పలక మీద రాస్తే చిట్టా చదువుతుంది.

చిట్టా అంటే ఆఫీసు గదిలో ఉన్న యంత్రం. మా పాత బొగ్గుగనిలో ఉండేది రెండు వందల పన్నెండు మందిమి, మనిషికొక పలక. తెల్లవారేసరికి ఎవరి పలక మీద వాళ్ళ పనులు వెలుగుతాయి, పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి పొయ్యి కట్టేయడం దాకా. ఒక్కో పని అయ్యాక దాని పక్కన బొటనవేలు వేయాలి. ఆ వేళ్ళన్నీ చూసుకుని చిట్టా రేపటి పనులు పంచుతుంది. అది రాకముందు ఎవరు ఏ పని చేయాలో తేలక రోజూ తన్నుకునేవాళ్ళం. నీళ్ళు తోడే వంతు తెగక ఒక ఎండాకాలమంతా నాలుకలు పిడచగట్టుకుపోయాయి. చిట్టా వచ్చి పదకొండేళ్ళు. తగువులు పోయిన మాట నిజమే.

పోయిన పని ఏదంటే, ఏడో గ్యాలరీ, అంటే ఏడో సొరంగం, కప్పు తట్టడం. నేను కప్పు తట్టే మనిషిని. ఇనుప మొన ఉన్న పొడుగుకర్రతో తల మీది బండను తడుతూ పోవాలి. ఖంగుమంటే గట్టి. బోలుగా మోగితే లోపల పొర విడినట్టు, అంటే డొల్ల. పలక మీద గట్టి అన్నచోటో డొల్ల అన్నచోటో వేలు వేయాలి. డొల్ల అని పడితే చిట్టా ఆ క్షణమే అక్కడివాళ్ళను బయటికి పంపించి, కప్పుకు ఆసరాగా దిమ్మెలు కొట్టే పని పెడుతుంది. అయిదు, ఆరు, ఏడు గ్యాలరీలు నావి. ఏడోది అన్నిటికంటే దూరం, పోను అరగంట. రోజూ పొద్దున వేలు వేసి, తర్వాత కర్ర పట్టుకుని వెళ్ళేదాన్ని.

ముందు వేలు, తర్వాత పని. మా దగ్గర ఇది అందరికీ అలవాటే. వేలు పడేదాకా పలక ఎర్రగా మిణుకుతూ ప్రాణం తీస్తుంది. అందుకని టీ గ్లాసు చేతిలో ఉండగానే అన్నిటికీ వేళ్ళు వేసి దాని నోరు మూయిస్తాం. వాటిని టీవేళ్ళు అంటాం.

ఏడో గ్యాలరీలో పుట్టగొడుగుల బెడ్లు ఉన్నాయి. అక్కడ పనిచేసే పదకొండు మందిలో మా ఆయన ఓదెలు ఒకడు. వాళ్ళ తల మీది కప్పును చిట్టా ఎందుకు వదిలేసినట్టు?

మూత 72వ రోజు

ఈ రోజూ పదమూడే.

మా ఆయనకు చెప్పాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ పలక వైపు చూశాడే గాని నా వైపు చూడలేదు. చిట్టాలో లేనిది పని కాదు, అన్నాడు. ఇది మా ఊళ్ళో పిల్లలకు అన్నం తినిపించేటప్పుడే నేర్పే మాట. ఆయన దాన్ని దేవుడి మాటగా పట్టుకున్నాడు. చిట్టాలో లేకపోతే దాహం కూడా వేయదు ఆయనకు.

నాకు మాత్రం ఒక మొహం కళ్ళ ముందు ఆడుతోంది. చిట్టా గదికి తాళం మొండయ్య దగ్గర ఉంటుంది. నాతోపాటు కప్పు తట్టే సుగుణ ఆయనకు మేనత్త కూతురు. ఒకటి నుంచి నాలుగు దాకా గ్యాలరీలు ఆమెవి. అవి దగ్గర, పైగా చల్లగా ఉంటాయి. ఆ పంపకం మొదట్నుంచీ నా గొంతులో ముల్లులాగే ఉంది. ఇప్పుడు నాది ఒకటి తీసి ఆమె పేరున వేసి, ఏడాది తిరిగేసరికి నన్ను మొత్తానికే పక్కన పెడతారేమో. చుట్టరికం ఉన్నచోట కర్ర ఎవరి చేతికి పోతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు.

మూత 74వ రోజు

చింతపండు కావాలని సుగుణ ఇంటికి వెళ్ళాను. మా ఇంట్లో చింతపండు నిండుగా ఉంది.

నన్ను చూడగానే ఆమె తువ్వాలు తీసి పలక మీద ఆరేసింది. ఆ తువ్వాలు తడిగా లేదు. నేనూ చూడనట్టే కూర్చుని, ఆమె లోపలికి పోగానే తువ్వాలు ఎత్తాను. పన్నెండు పనులు. జుట్టుకు నూనె పెట్టుకోవడం కూడా ఉంది. ఏడో గ్యాలరీ లేదు. అన్నిటికీ వేళ్ళు పడి ఉన్నాయి. అప్పటికి పొద్దున ఆరున్నర. ఇంట్లోంచి అడుగు బయట పెట్టని మనిషి నాలుగు గ్యాలరీలు ఎలా తట్టి వచ్చిందట?

చింతపండు తీసుకుని వచ్చేశాను. సగం అనుమానం తీరింది, సగం పెరిగింది. ఆ పని ఆమెకు పోలేదు. మరి ఎవరికి పోయింది?

మూత 75వ రోజు

ఎవరికీ పోలేదు. నీళ్ళ దగ్గర, రొట్టెల దగ్గర, పంకాల దగ్గర కబుర్లు పెట్టుకుని ముప్పై పలకలన్నా చూసి ఉంటాను. ఎక్కడా లేదు.

ఏడో గ్యాలరీని మూసేయబోతున్నారని ఇప్పుడు నా అనుమానం. పైకి చెప్పకుండా ముందు కప్పు తట్టడం మానేస్తారు, ఆ తర్వాత గాలి తగ్గిస్తారు. ఆ మాట అంటే మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. భోజనం చేయడం పక్కన అప్పటికే వేలు పడి ఉంది కదా, లేవక ఏం చేస్తాడు.

మూత 76వ రోజు

మొండయ్య గదికి వెళ్ళాను. దొంగను వాడి ఇంట్లోనే పట్టుకోవాలని ఇంటి దగ్గర అనుకున్న మాటలన్నీ మూట కట్టుకుని పోయాను.

ఆయన నన్ను కూర్చోమని, గొంతు పెంచకుండా తెర మీద ఒక పేజీ తీశాడు. ఏడో గ్యాలరీ కప్పు, పదకొండేళ్ళ వేళ్ళు. పై నుంచి కింది దాకా ఒకటే పేరు, లసుమక్క. అది నేనే. ఒకటే మాట, గట్టి. ఒకటే వేళ, పొద్దున అయిదూ నలభై, ఒక నిమిషం అటూ ఇటూ.

"నేను తీసెయ్యలేదక్కా," అన్నాడు. "ఊరందరం కూసొని పెట్టుకున్న రూలే. ఏండ్లకేండ్లు ఒకటే జవాబొచ్చి, చేసెతందుకు టైమే పట్టని పని దండగ పని. దాన్ని చిట్టా తీసేస్తది. నువ్వు రోజూ నిమిషంల తట్టొస్తున్నవని రాసున్నది. అరగంట దూరం నిమిషంల ఎట్ల పోతవని అది అడగదు గద. దానికి కాళ్ళున్నయా?"

పని ఎక్కువైందని అందరం గోల పెట్టిన ఏడాది ఆ రూలు పెట్టుకున్నాం. చేయి ఎత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ మూట విప్పకుండానే ఇంటికి వచ్చేశాను. వాళ్ళ మొహం, వీళ్ళ మొహం చూస్తూ తిరిగాను. తెర మీద చూస్తే నా వేలే ఉంది.

మూత 77వ రోజు

మొదటి రోజు "కర్ర పట్టుకుని వెళ్ళేదాన్ని" అని రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. అయిదుకీ ఆరుకీ వెళ్ళేదాన్ని. ఏడుకు మొదటి రెండేళ్ళు వెళ్ళాను. తర్వాత వారానికి ఒకసారి. తర్వాత మోకాళ్ళు నొప్పని మానేశాను. ఎప్పుడు తట్టినా గట్టే కదా అనుకున్నాను. కిందటి ఎండాకాలం నుంచి ఒక్కసారి కూడా పోలేదు. కాగితం మీద కూడా అబద్ధం రాసుకున్నానంటే, నాలాంటిదాన్ని నేనే నమ్మకూడదు.

అక్కడ పనిచేసేది మా ఆయన. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

మూత 78వ రోజు

పొద్దున టీ కూడా తాగకుండా ఏడో గ్యాలరీకి పోయాను. పలక మీద లేని పనికి కర్ర పట్టుకుని నడుస్తుంటే దారిలో వాళ్ళు నన్ను వింతగా చూశారు.

మొదటి రెండు బెడ్ల వరసల మీద కప్పు ఖంగుమంది. మూడో వరస మీద బోలుగా మోగింది. మళ్ళీ తట్టాను. నాలుగో వరసా అంతే, అయిదో వరసా అంతే. ఖాళీ గాదెను కొట్టినట్టుంది. అంత వెడల్పున డొల్ల నేను పుట్టి ఎరుగను. ఆ వరసల కిందే పదకొండు మందీ వంగి కోత కోస్తున్నారు.

అందరినీ బయటికి రమ్మన్నాను. తలలు ఎత్తి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయనకు అందరి ముందూ పరువు పోయినట్టయింది.

"మూడో వరస కోత ఈయాల్టి పని. బయటికి పొమ్మని నా పలకల లేదు," అన్నాడు.

"నీ పలకకు చెవులు లేవయ్యా. నాకున్నయి. ఇను."

మళ్ళీ తట్టాను. ఆయన విన్నాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది, నేను చూశాను. అయినా కత్తి తీసుకుని మళ్ళీ వంగాడు. మిగతావాళ్ళూ ఆయన్ను చూసి వంగారు. చేయి పట్టి లాగితే విదిలించుకున్నాడు. నేను బతిమాలాను, తిట్టాను, కూలబడి ఏడ్చాను కూడా. ఏడుపు ఆపడం ఎవరి చిట్టాలోనూ లేదు కాబోలు.

అక్కడి నుంచి మొండయ్య దగ్గరికి పరుగు. డొల్ల అని పెట్టమన్నాను. ఆయన తెర అంతా వెతికాడు. ఏడో గ్యాలరీ పనే చిట్టాలో లేనప్పుడు డొల్ల అని నొక్కే చోటే ఉండదట. తన చేత్తో కొత్త పని పెట్టే వీలు లేకుండా ఊరివాళ్ళమే కట్టడి చేశామట, చుట్టాలకు మేలు చేస్తాడేమోనని. ఆ కట్టడికి పట్టుబట్టింది కూడా నేనే, నాకు బాగా గుర్తుంది.

దారి ఒక్కటే ఉంది. వేలు వెనక్కి తీసుకోవాలి. వేసిన మనిషే నిలబడి, ఆ పని నేను చేయలేదు, నా వేలు అబద్ధం అని చెప్పాలి. అప్పుడు ఆ పని చేయనిదై చిట్టాలోకి తిరిగి వస్తుంది. అదీ ఊరంతా పలకల ముందు ఉండే వేళకే చేయాలట, అంటే రేపు పొద్దున. ఇంతవరకు ఒక్కరూ అలా వెనక్కి తీసుకోలేదు. తీసుకున్నవాళ్ళ వేలు ఇక చెల్లదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నేను నీళ్ళు తాగానన్నా, అన్నం తిన్నానన్నా పక్కన ఇంకొకరు వేలు వేసి సాక్ష్యం చెప్పాలి.

ఎలా తెలిసిందో సుగుణ వచ్చి దారిలో నిలబడింది. "నువ్వు తీస్తే రేపు నా వేళ్ళు గూడ చూస్తరు. అందరియి చూస్తరు. ఊరు ఊరంత దొంగలైతం. జెర ఆలోచించక్కా," అంది. చేతులు పట్టుకుంది. ఆమెను చుట్టరికం దొంగ అనుకున్నాను గాని, నాలాంటి భయస్తురాలే.

మూత 79వ రోజు

అయిదూ నలభైకి మొండయ్య గది ముందు నిలబడ్డాను. ఊరంతా టీ గ్లాసులతో పలకల ముందు ఉండే వేళ అది. మొండయ్య మైకు తెరిచాడు.

చెప్పేశాను. ఏ రోజు వెళ్ళానో ఏ రోజు వెళ్ళలేదో నాకే తెలియదు కాబట్టి ఏడో గ్యాలరీ వేళ్ళన్నీ వెనక్కి తీసుకుంటున్నానన్నాను. నా గొంతు గ్యాలరీల్లోంచి తిరిగి నాకే వినిపించింది. బొటనవేలు పెట్టమన్న చోట పెట్టాను. తెర మీద నాలుగు వేల పదిహేను గట్టిలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

తర్వాత జరగబోయేది మొండయ్యకు కూడా తెలియదు, నాకెలా తెలుస్తుంది. అన్నాళ్ళు ఆగిపోయిన పనిని చిట్టా ఒక్కరి మీద వేయదట. ఊరి మొత్తానికి పంచేసింది. ప్రతి పలక మీదా అన్నిటికంటే పైన ఒకటే వెలిగింది. ఏడో గ్యాలరీ కప్పు తట్టాలి, పందొమ్మిది సార్లు, ఈ పూటే.

చిట్టాలో ఉంటే మావాళ్ళు ఆగుతారా! కర్రలు ఉన్నవాళ్ళు కర్రలు, లేనివాళ్ళు అప్పడాల కర్రలు, గరిటెలు, పార కామలు పట్టుకుని బయల్దేరారు. ఈసారి ముందే వేలు వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, నా మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి కదా. పొట్టివాళ్ళు స్టూళ్ళు మోసుకొచ్చారు. మూడో వరస కిందికి ఎవరూ పోవద్దు, అంచున నిలబడి తట్టండి అని నేను అరుస్తూనే ఉన్నాను. తిట్టుకుంటూనే విన్నారు.

ముందు ఒకరు తట్టారు, తర్వాత నలుగురు, తర్వాత ఎందరో. రెండో వరస మీది శబ్దానికీ మూడో వరస మీది శబ్దానికీ తేడా చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. తిట్లు ఆగిపోయాయి. మా ఆయన పలక మీద కూడా పందొమ్మిది ఉన్నాయి. ఆయన కోత కత్తి పిడితో ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టలేదు. పలక తీసి డొల్ల మీద వేలు వేశాడు. ఆ వెంటనే రెండు వందల పలకలూ ఒకటే మాట చెప్పాయి, బయటికి రండి.

వచ్చారు. పదకొండు మందినీ లెక్కపెట్టాను. నమ్మకం లేక ఇంకోసారి లెక్కపెట్టాను.

మూత 80వ రోజు

దిమ్మెలు కొట్టేవాళ్ళు సామాను సర్దుకుంటుండగానే మధ్యాహ్నం కప్పు కూలింది. మూడో వరస నుంచి గ్యాలరీ చివరిదాకా. అన్నం గిన్నెలు గంతులేశాయి. దుమ్ము ఇక్కడిదాకా వచ్చింది. ఒక్కరికి గీత కూడా పడలేదు.

మా ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కదిలించలేదు. పొద్దున నేను నీళ్ళు పట్టినదానికి పక్కింటామె వచ్చి వేలు వేసి పోయింది. నా మొహం చూడకుండా వేసింది. అది నాకు రావలసిందే.

మూత 82వ రోజు

పొద్దున మొండయ్య గది ముందు వరస కట్టి ఉన్నారు.

సుగుణ అందరికంటే ముందు. ఆమె వెనక పంకాలు చూసే ఆయన. అతని వెనక తాగే నీళ్ళు వడకట్టే ఆమె. రాత్రి తాగిన చెంబెడు నీళ్ళు గుర్తొచ్చాయి. పై తలుపు తాడు చూసే మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. వీళ్ళలో ఎవరు ఏం చేయలేదో అని ఒక్కొక్కరి మొహం చదువుకుంటూ వరస పొడుగునా నడిచాను. పదకొండేళ్ళుగా మేం బతికి ఉన్నది ఒట్టి అదృష్టం మీదనేమో.

వరస చివర మా ఆయన ఉన్నాడు.

పుట్టగొడుగుల్లో విషపువి ఏరే పనేనా అని గుండె ఆగినంత పనైంది. ఎన్నేళ్ళుగా కూర వండుతున్నాను! నిలదీస్తే, కాదన్నాడు. అవి రోజూ ఏరినవే అన్నాడు. మరి ఏం పని అంటే చెప్పడు. వరస జరిగినప్పుడల్లా ఆయనా జరిగాడు. నేనూ పక్కనే జరిగాను, వదిలితే కదా. ఆయన వంతు వచ్చింది. మొండయ్య తెర మీద పేజీ తీసి, ఒకసారి నన్ను చూసి, కళ్ళు దించుకున్నాడు.

ఇంటామెతో పది నిమిషాలు మాట్లాడాలి. పదకొండేళ్ళ వేళ్ళు. అన్నీ పొద్దున అయిదూ నలభై ఒకటి.

మా ఆయన బొటనవేలు పెట్టాడు. పేజీ ఎర్రబడింది. ఊరి పనిలాగా దీన్ని కూడా పంచేస్తే రెండు వందల మంది నాతో మాట్లాడడానికి ఇంటి మీద పడతారేమోనని ఒక్క క్షణం భయమేసింది. ఇంటి పనులను చిట్టా పంచదట. ఎవరివి వాళ్ళకే తిరిగి వస్తాయట.

ఇంటికి వచ్చి ఆయన చాప వేశాడు. ఎదురుగా కూర్చున్నాను. ఆయన తన చేతులు చూసుకుంటూ మొదలుపెట్టాడు.

"తలుపు మూయకముందు నుంచే కప్పుల నుంచి బెడ్ల మీద దుమ్ము పడుతున్నది. పిండి లెక్క. రోజూ పొద్దుగాల తుడిచెటోన్ని. మూడు నెల్లయింది. నీకు చెప్దామనుకున్న."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు అటు వచ్చుడే సూడకపోతిని. మొండయ్యనడిగితే లసుమక్క పలకల రోజూ గట్టి అని ఉన్నదన్నడు. ఉన్నదంటే నువ్వు వచ్చిపోయినవు, నేనే సూడలేదనుకున్న. నా కండ్లకంటే అదే నిజమనుకున్న."

మూడు నెలలు. ఆ తొంభై రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఆయన ఆ పది నిమిషాలు మాట్లాడి ఉంటే నేను కర్ర పట్టుకుని పరుగెత్తేదాన్ని. ఏ ఒక్క రోజైనా నేను ఆ అరగంట నడిచి ఉంటే ఆయన చెప్పకుండానే వినేదాన్ని. కోపం వచ్చింది. లేచి పోదామనుకున్నాను. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతోంది, లేవలేకపోయాను. మొన్న కప్పు కింద ఆ మొహంలో కదిలింది ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఆయనకు ఆ కప్పు సంగతి తెలియడం అది మొదటిసారి కాదు.

పది నిమిషాలు దాటాయి. పలక ఎర్రగా మిణుకుతోంది. ఆయన అటు చూడలేదు. దుమ్ము మొదట ఏ వరస మీద పడిందో చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు.